ఆరో రోజు: స్త్రీలపై హింస, ప్రభుత్వ ప్రయత్నాలు – కర్నూలు, కడప జిల్లాల దృష్టితో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

స్త్రీలపైన, బాలికలపైన జరిగే హింసను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలను గురించి వెలువడిన రచనల్లో అధికభాగం చట్టాల పట్టికలుగానే మిగిలాయి. ఏ చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ సెక్షన్ కింద ఎన్నేళ్ల శిక్ష, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అనే సమాచారం వాటిలో సమృద్ధిగా దొరుకుతుంది. ఆ చట్టం ఏ నేల మీద, ఏ రుతువులో, ఏ గడప దగ్గర ఆగిపోతుందన్న ప్రశ్న అరుదుగా కనిపిస్తుంది. వర్షాధారపు వ్యవసాయం, వలస, ఫ్యాక్షన్ అనే మూడింటి నడుమ బతికే కర్నూలు, కడప ప్రాంతాలకు ఆ ప్రశ్న మరింత అవసరం. ఇక్కడ కర్నూలు, కడప అన్నప్పుడు 2022 ఏప్రిల్ 4కు పూర్వమున్న ఉమ్మడి జిల్లాలనే ఉద్దేశించడం జరిగింది. నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడిన తరువాత కార్యాలయాల బోర్డులు మారాయి గాని ఈ వ్యాసం చర్చించే జీవితపు ఎల్లలు మారలేదు.

ప్రభుత్వ ప్రయత్నం అనే మాటను ఇక్కడ రెండర్థాల్లో గ్రహించాలి. హింసకు వ్యతిరేకం అని తనను తాను ప్రకటించుకున్న ప్రయత్నం ఒకటి: దిశ బిల్లు, సఖి కేంద్రాలు, శక్తి యాప్ వంటివి. ఆ పేరు పెట్టుకోకుండానే హింస మూలాన్ని తాకిన ప్రయత్నం రెండోది: ఆడపిల్లకు ఆస్తిహక్కు, వలస కూలీల పిల్లలకు వసతి, సారా నిషేధం వంటివి. మొదటి వర్గానికి దక్కినంత ప్రచారం, విమర్శ రెండో వర్గానికి దక్కలేదు. సీమలోని మెట్టపల్లెల నుంచి చూసినప్పుడు మాత్రం రెండో వర్గమే ఎక్కువ పని చేసిందనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి.

ఇరవై ఒక్క రోజులు

2019 నవంబరు 27న శంషాబాద్ సమీపంలో ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. డిసెంబరు 6న నలుగురు నిందితులు చటాన్‌పల్లి వద్ద పోలీసు కాల్పుల్లో మరణించారు. మరో వారానికి, డిసెంబరు 13న, పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. తిరుగులేని ఆధారాలు ఉన్న అత్యాచార కేసుల్లో 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు, అప్పీలు గడువు ఆరు నెలల నుంచి మూడు నెలలకు కుదింపు, అత్యాచారానికి మరణశిక్ష అన్నవి ఆ బిల్లులోని ప్రధానాంశాలు. దానికి తోడుగా ప్రత్యేక న్యాయస్థానాల బిల్లు కూడా వచ్చింది. నేరశిక్షా విధానం ఉమ్మడి జాబితాలోని విషయం. కేంద్ర చట్టంతో విభేదించే రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. కేంద్ర మంత్రిత్వ శాఖలు అభ్యంతరాలు లేవనెత్తాయి. ఆ ఆమోదం రాలేదు. అయినా ఆ పేరుతో పోలీసు స్టేషన్లు వెలిశాయి. 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో మొదటిది ప్రారంభమైంది. తరువాత ప్రతి పోలీసు జిల్లాకు ఒకటి చొప్పున 18 ఏర్పడ్డాయి. యాప్ వచ్చింది, వాహనాలు వచ్చాయి. చట్టం లేకుండానే చట్టం పేరు ఊరూరా తిరగడం ఆంధ్రప్రదేశ్ శాసన చరిత్రలో విలక్షణమైన ఘట్టం. సభల్లో దిశ చట్టం అమలులో ఉందన్నట్టే ప్రసంగాలు సాగాయి.

ఈ బిల్లు వేగాన్నే న్యాయంగా నిర్వచించింది. వారం ముందు జరిగిన కాల్పులకు ప్రజల్లో వచ్చిన హర్షాన్ని శాసనభాషలోకి తెచ్చే ప్రయత్నంగా దానిని చదవడానికి ఆస్కారం ఉంది. ఆ కాల్పులు నిందితులను చంపే ఉద్దేశంతో జరిగినవేనని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ నివేదిక వచ్చేనాటికి బిల్లు కాగితాల్లోనే ఉంది, హర్షం మరుగున పడింది.

ఆ 21 రోజుల లెక్కను కర్నూలు నుంచి చూడాలి. 2017లో కర్నూలులో ఒక పాఠశాల విద్యార్థిని అనుమానాస్పద స్థితిలో మరణించింది. తల్లిదండ్రులు అది అత్యాచారం, హత్య అని ఆరోపించారు. న్యాయం కోసం ఊరేగింపులు జరిగాయి. దిశ బిల్లు ఆమోదం పొందిన మరుసటి సంవత్సరం రాష్ట్ర ప్రభుత్వం ఆ కేసును సీబీఐకి అప్పగించాలని నిర్ణయించింది. శంషాబాద్ బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న చట్టనియమాన్ని పాటించి ఆమెకు దిశ అనే కల్పిత నామం పెట్టడం జరిగింది. కర్నూలు బాలిక అసలు పేరు మాత్రం బ్యానర్ల మీద, ఎన్నికల ప్రసంగాల్లో యథేచ్ఛగా తిరిగింది. పేరు దాచడం అనే చట్టమర్యాద సైతం బాధితురాలు ఎక్కడి మనిషి అన్నదాన్ని బట్టి అమలవుతుందా అన్న సందేహానికి ఈ రెండు సంఘటనలు పక్కపక్కన నిలబడి తావిస్తున్నాయి.

2024లో ప్రభుత్వం మారిన తరువాత దిశ పేరు తొలగి, స్టేషన్లు మళ్లీ మహిళా పోలీసు స్టేషన్లయ్యాయి. 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. నిర్భయ, అభయ, దిశ, సఖి, శక్తి – ఈ పేర్లన్నీ సంస్కృత తత్సమాలు. అన్నీ ధైర్యాన్నో, స్నేహాన్నో, బలాన్నో ధ్వనింపజేసేవే. హింసకు లోనైన స్త్రీ తన స్థితిని చెప్పుకొనేటప్పుడు వాడే మాటలు వేరు: ఆరడి పెడుతున్నారు, కొట్టి తరిమినాడు, పుట్టింటికి పంపినారు. ఈ మాటలు ఏ పథకం పేరులోనూ, ఏ దరఖాస్తు ఫారంలోనూ కనిపించవు. 2005 నాటి కేంద్ర చట్టం అసలు శీర్షికలో ఉన్నది గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ. తెలుగు పత్రికల్లో, అధికారుల నోట అది గృహహింస నిరోధక చట్టం అయింది. రక్షణకు కేంద్రం స్త్రీ, నిరోధానికి కేంద్రం నేరం. ఆ చట్టం ప్రధానంగా సివిల్ ఉపశమనాలను – ఇంట్లో ఉండే హక్కు, భరణం, రక్షణ ఉత్తర్వు – ఇవ్వడానికి ఉద్దేశించినది. నిరోధం అన్న మాట చేరడంతో అది మరొక పోలీసు చట్టంగా జనం మనసులో నిలిచింది. ఫలితంగా భర్త జైలుకు పోకూడదనుకునే స్త్రీ, తనకు ఉపయోగపడే చట్టానికే దూరంగా ఉండిపోయింది.

గుట్టు, రచ్చ

తెలుగు కుటుంబ జీవితంలో హింసను గురించి మాట్లాడకుండా ఆపే మాట గుట్టు. ఇంటిగుట్టు బయటపడటాన్ని రచ్చకెక్కడం అంటారు. రచ్చ అనేది ఊరి పెద్దలు కూర్చునే స్థలం. న్యాయం జరిగే చోటికి వెళ్లడమే భాషలో పరువు పోవడంగా స్థిరపడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతి హింసను అనుభవించినవారు. దేశవ్యాప్తంగా హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. అదే సర్వేలో, కొన్ని సందర్భాలలో భర్త భార్యను కొట్టడం సమంజసమే అన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 84 శాతం. ఈ చివరి సంఖ్యను చూపి తెలుగు స్త్రీలే హింసను అంగీకరిస్తున్నారని వ్యాఖ్యానించడం పరిపాటి అయింది. ఆ వ్యాఖ్యలో తొందరపాటు ఉంది. చెప్పకుండా వెళ్లడం, పిల్లల్ని పట్టించుకోకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి కారణాలను ఒకదాని తరువాత ఒకటి చదివి వినిపించి, దేనికి కొట్టవచ్చునని అడిగినప్పుడు వచ్చే సమాధానం తన చుట్టూ నడుస్తున్న ఆచారపు వర్ణన కూడా కావచ్చు. అది ఆమె కోరిక అనడానికి ఆధారం లేదు.

రాయలసీమలో రచ్చకు మరొక కోణముంది. ఫ్యాక్షన్ ఉన్న పల్లెలో స్టేషనుకు పోవడమంటే ఒక వర్గం వైపు నిలబడటం. ఒక స్త్రీ ఇచ్చిన ఫిర్యాదు ఆమె చేతిలో ఎంతోసేపు నిలవదు; ఎదుటివర్గం దానిని అందుకుంటుంది, లేదా తనవర్గం దానిని అణుస్తుంది. ఫ్యాక్షన్ గురించి దశాబ్దాలుగా సాగిన పాలనాచర్చ అంతా బాంబులు, వేటకొడవళ్లు, బైండోవర్ కేసులు, రాజీ సమావేశాల చుట్టూ తిరిగింది. చంపినవాడు, చచ్చినవాడు అన్న ఇద్దరు పురుషుల మధ్య సంగతిగానే రాజ్యం దానిని గుర్తించింది. హత్య తరువాత ఆ ఇంట మిగిలిన భార్య, తల్లి, పెళ్లీడు కూతురు శాంతిభద్రతల పరిభాషలో ఎక్కడా చోటు సంపాదించుకోలేదు. ఫ్యాక్షన్ కథాసాహిత్యం మీద వచ్చిన విమర్శ కూడా చాలాకాలం ఇదే దారిలో నడిచిందని ఇక్కడ గుర్తుచేయడం అప్రస్తుతం కాదు.

2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ సచివాలయాలలో మహిళా సంరక్షణ కార్యదర్శి అనే పదవిని కల్పించి, 2021 జూన్ నాటి జీవో 59 ద్వారా ఆ ఉద్యోగినులను మహిళా పోలీసులుగా ప్రకటించడం, కాగితం మీద చూస్తే, రచ్చను ఊళ్లోకే, అదీ ఒక స్త్రీ రూపంలో, తీసుకురావడం. దిశ స్టేషన్ల కన్న ఇది మెరుగైన ఆలోచన. 17,658 చదరపు కిలోమీటర్ల ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఒక ప్రత్యేక స్టేషను ఏ మూలకు సరిపోతుంది? ఆదోని, ఆలూరు ప్రాంతాల స్త్రీకి జిల్లాకేంద్రం పూట ప్రయాణం. పనిపోయిన రోజు కూలి అదనపు నష్టం. ఊళ్లోనే ఉండే ఉద్యోగిని ఆ దూరాన్ని తగ్గించగలదు. కాని ఆమెకు అప్పగించిన సర్వేలు, పథకాల పనులు అసలు బాధ్యతను వెనక్కి నెట్టాయి. నియామకాల చట్టబద్ధత మీద హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. పోలీసు అధికారం ఉన్నట్టా లేనట్టా అన్నది తేలని ఉద్యోగిని, ఆ ఊరి పెద్దల ఎదుట ఎంత గట్టిగా నిలబడగలదో ఊహించడం కష్టం కాదు.

మొబైలు యాప్ విషయం మరీ స్పష్టం. 2011 జనగణనలో కర్నూలు జిల్లా స్త్రీల అక్షరాస్యత 50 శాతానికి చేరలేదు. ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోను ఉన్నప్పుడు అది ఎవరి జేబులో ఉంటుందో అడగనక్కరలేదు. కొట్టే చెయ్యి, ఫోను పట్టుకున్న చెయ్యి ఒకటే అయిన ఇంటికి ఆపదలో ఊపితే చాలు అనే సలహా చేరదు. ఆ యాప్ వీధిలో ఎదురయ్యే అపరిచితుణ్ణి దృష్టిలో పెట్టుకొని తయారైంది.

ఆరో రోజు

2015లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సఖి వన్ స్టాప్ సెంటర్లు వైద్యం, న్యాయసలహా, పోలీసు సహాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట అందించడానికి ఉద్దేశించినవి. ఆలోచన ఉత్తమమైనది. 181 హెల్ప్‌లైన్ వాటికి అనుబంధం. ఈ కేంద్రాల్లో ఆశ్రయం మామూలుగా ఐదు రోజులు. ఆ తరువాత ఎక్కువకాలం ఉండగల ఆశ్రయ గృహాలున్నాయి. వాటికి పోయేవారు కొద్దిమంది. మిగిలిన స్త్రీకి ఆరో రోజున ఎదురుగా ఉండేవి రెండే ఇళ్లు, అత్తిల్లు, పుట్టిల్లు. పుట్టింట్లో అన్నదమ్ముల భార్యలు, ఎండిన బోరు, తీరని అప్పు ఉంటాయి. ఆరో రోజున ఆమెను ఎవరు చేర్చుకుంటారన్నది ఆ ఇంటి మీద ఆమెకు హక్కు ఉందా లేదా అన్నదానితో ముడిపడి ఉంది. కౌన్సెలింగ్ అనే ప్రక్రియ చాలాసార్లు రాజీగా ముగియడానికి కారణం కౌన్సెలర్ల మనస్తత్వం మాత్రమే కాదు. తిరిగి పంపడం తప్ప మరో చోటు లేకపోవడం కూడా కారణమే. 498ఎ దుర్వినియోగమవుతోందన్న వాదంతో 2017లో సుప్రీంకోర్టు కుటుంబ సంక్షేమ కమిటీలను ఏర్పాటు చేయమని చెప్పి, 2018లో ఆ ఆదేశాన్ని తానే ఉపసంహరించుకుంది. రాజీని వ్యవస్థీకరించాలన్న ఆరాటం న్యాయస్థానాల్లోనూ ఉందనడానికి ఆ ఏడాది వ్యవధి నిదర్శనం.

కేరళలోని తిరువనంతపురం జిల్లాలో బీనా అగర్వాల్, ప్రదీప్ పాండా జరిపిన అధ్యయనం 2005లో వెలువడింది. భూమి, ఇల్లు రెండూ లేని స్త్రీలలో 49 శాతం దీర్ఘకాలిక శారీరక హింసను అనుభవించగా, రెండూ ఉన్న స్త్రీలలో అది 7 శాతమే. కేరళ అనుభవాన్ని యథాతథంగా కడపకు అన్వయించలేం. అక్కడి విద్య, వారసత్వ సంప్రదాయాలు వేరు. అయినా ఆ అధ్యయనం చెప్పే సంగతి – వెళ్లగలిగిన స్త్రీని కొట్టడం కష్టమన్నది – ఆరో రోజు సమస్యకు సూటిగా తగులుతుంది.

ఆ కోణంలో 2020 డిసెంబరు 25న ఆరంభమైన ఇళ్లస్థలాల పంపిణీని హింసా నివారణ చర్యగా ఏ నివేదికా పేర్కొనకపోవడం ఆశ్చర్యకరం. రాష్ట్రవ్యాప్తంగా దాదాపు 30 లక్షల స్థలాలను స్త్రీల పేరిట ఇవ్వడం ఆ పథకంలోని విశేషం. ఊరికి దూరంగా, నీళ్లూ దారీ సరిగా లేని చోట లేఅవుట్లు వేయడం, కట్టని ఇళ్లు పునాదుల్లో ఆగిపోవడం దాని లోపాలు. పట్టా చేతిలో ఉండి గోడలు లేని స్త్రీ ఆరో రోజున ఆ స్థలంలోకి పోలేదు. ఇంటి నిర్మాణ బిల్లుల ఆలస్యాన్ని గృహనిర్మాణశాఖ లోపంగానే గాక, స్త్రీరక్షణలో లోపంగా కూడా లెక్కించే అలవాటు పాలనకు ఇంకా రాలేదు.

కొడుకు మాదిరిగానే

1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ఈ చర్చలో కీలకం. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే, కొడుకు మాదిరిగానే, హక్కు కల్పించిన సవరణ అది. దేశమంతటా అటువంటి మార్పు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. వరకట్న దురాచారాన్ని నిర్మూలించడం తన లక్ష్యాల్లో ఒకటని ఆ సవరణ పీఠికే చెప్పింది. అంటే స్త్రీలపై హింసకు పోలీసు దారి కాక ఆస్తి దారి వెతికిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లో దిశకు 33 ఏళ్ల ముందే ఉంది. చట్టం అమలులోకి వచ్చేనాటికే పెళ్లయిన కూతుళ్లను అది మినహాయించింది. ముస్లిం కుటుంబాలకు దాని ప్రసక్తి లేదు. కర్నూలు, కడప రెండూ ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న జిల్లాలు కనుక ఇది చిన్న మినహాయింపు కాదు.

కొడుకు మాదిరిగానే అన్న మాట ఆదోని, ఆలూరు ప్రాంతాలకు కొత్తది కాదు. 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో ఉండిన ఈ తాలూకాల్లో బసివి ఆచారం బలంగా ఉండేది. 1890ల తొలినాళ్లలో మద్రాసు రాష్ట్రపు పోలీసు అధికారి ఎఫ్. ఫాసెట్ బసివిలపై రాసిన వ్యాసం శీర్షికలోనే, దేవతకు అంకితం కావడం ద్వారా పురుషుల హక్కులు పొందే స్త్రీలని వారిని నిర్వచించాడు. మగపిల్లలు లేని ఇంట ఒక కూతురిని బసివిగా విడిచి, ఆమెను కొడుకుగా భావించి, ఆస్తిని, వంశాన్ని ఆమె ద్వారా నిలుపుకొనేవారు. ఆమె పెళ్లికి అనర్హురాలు. ఆమె దేహం ఊరిలోని బలవంతులకు అందుబాటు. స్త్రీ కొడుకైతే తప్ప వారసురాలు కాలేదు, కొడుకు కావాలంటే భార్య కాకూడదు అన్న క్రూరమైన తర్కం ఆ ఆచారంలో ఉంది.

ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఇక్కడికి ముందే వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వర్తించే చట్టం 1988లో వచ్చింది. అది బసివి, జోగిని, మాతమ్మ వంటి స్థానిక నామాలను కూడా దేవదాసి నిర్వచనంలో చేర్చింది. పేర్లు చేర్చినంత మాత్రాన ఆచారాల స్వభావాలు ఒకటి కావు. అంకితమిచ్చే క్రతువును నేరం చేసిన చట్టం, ఆ క్రతువు వెనక ఉన్న ఆస్తి అవసరాన్ని తాకలేదు. ఆ అవసరాన్ని తాకింది రెండేళ్ల ముందు వచ్చిన వారసత్వ సవరణ: కూతురు కూతురుగా ఉంటూనే వారసురాలు కావచ్చునన్నది. 1986, 1988 చట్టాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడే బసివి ఆచారం మీద రాజ్యం తీసుకున్న అసలు చర్య ఏదో తెలుస్తుంది. పరిశోధకులు సాధారణంగా మొదటిదాన్ని ఆస్తి అధ్యాయంలోనూ, రెండోదాన్ని దురాచారాల అధ్యాయంలోనూ వేరువేరుగా చర్చిస్తున్నారు.

అయితే దళిత కుటుంబాల నుంచే ఎక్కువగా వచ్చిన బసివిలకు వారసత్వంగా దక్కే భూమి ఎంత? ఉన్నా, కట్నం ఇచ్చాం, పసుపుకుంకుమలు ఇచ్చాం అంటూ పెళ్లప్పుడే ఆడపిల్లతో హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకొనే పద్ధతి సీమ అంతటా ఉన్నదే. వరకట్నాన్ని నిర్మూలించడానికి వచ్చిన హక్కును వరకట్నం పేరుతోనే వదిలించుకోవడం ఈ చట్టం ఎదుర్కొన్న పెద్ద అపజయం. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఆడపిల్ల హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి జీవించి ఉన్నాడా లేదా అన్నదానితో నిమిత్తం లేదని తేల్చింది. ఆ తీర్పు మెట్టపొలం గట్టు మీదికి వచ్చేసరికి, పుట్టింటి ఆసరా పోగొట్టుకోవడం ఇష్టం లేని చెల్లెలి మౌనంగా మారుతుంది. ఆరో రోజున పోవలసిన ఇంటిని వ్యాజ్యంలోకి ఈడ్చడం ఎవరికీ తేలిక కాదు.

కువైట్ దారి

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీలను అక్కడి వాడుకలో ఖద్దామా అంటారు. ఆ మాట ఇప్పుడు కడప పల్లెల తెలుగులో భాగమైంది. తాగుబోతు భర్త, అప్పులు, ఒంటరి జీవితం – వెళ్లడానికి చెప్పుకొనే కారణాల్లో ఇంటి హింసకు కూడా వాటా ఉంటుంది. కొందరికి అది తప్పించుకొనే దారి. అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలో, జీతం యజమాని దయలో ఉండి, మరో హింసకు దారి తీసిన ఉదంతాలు తక్కువేమీ కావు. వలస అనుమతి తప్పనిసరి అయిన 18 దేశాలకు ఇంటిపనికి పోయే స్త్రీ వయసు కనీసం 30 ఉండాలని, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం జరగాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అటువంటి సంస్థ. రక్షణ పేరిట తలుపు ఇరుకు చేసినప్పుడు, అవసరం తీరనివారు కిటికీ వెతుక్కుంటారు. సందర్శక వీసా, వయసు మార్చిన పత్రం, ఏజెంటుకు అదనపు సొమ్ము ఆ కిటికీలు. అక్రమంగా వెళ్లిన స్త్రీ ఫిర్యాదు చేయడానికి భయపడుతుంది. కువైట్ 2015లో ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం తెచ్చింది. ఆ చట్టంలో తన హక్కు ఏమిటో రాయచోటి బస్టాండులో బయలుదేరే స్త్రీకి తెలుగులో చెప్పే పని, వయోపరిమితి కన్న తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది.

సుగ్గి

కర్నూలు పశ్చిమ మండలాల్లో – కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు వైపు – పంట చేతికందని ఏడాది కుటుంబాలు గుంటూరు మిరపకోతకు, పత్తితీతకు, బెంగళూరు కట్టడాల పనికి తరలిపోతాయి. దీన్ని సుగ్గికి పోవడం అంటారు. సంక్రాంతి పంటకోతల సంబరాన్ని సూచించే కన్నడపు మాట ఇక్కడ తాళం వేసిన ఇళ్లను సూచిస్తోంది. వయసొచ్చిన ఆడపిల్లను ముసలివాళ్ల దగ్గర వదిలిపోవాలా, పనిచోటి గుడారంలోకి తీసుకుపోవాలా అన్నది ప్రతి సుగ్గి కుటుంబం ఎదుర్కొనే ప్రశ్న. రెండిటిలోనూ భయముంది. ఆ భయానికి కుటుంబం కనుగొన్న పరిష్కారమే త్వరగా పెళ్లి. బాల్యవివాహాన్ని మూఢాచారం అనడం తేలిక. ఇక్కడ అది కాపలా లేని ఆడపిల్లకు కాపలా వెతకడం. 2019–21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు.

2022 అక్టోబరు 1 నుంచి అమలైన వైఎస్సార్ కల్యాణమస్తు పథకం, వధువుకు 18, వరుడికి 21 ఏళ్ల వయసుతో పాటు ఇద్దరూ పదో తరగతి ఉత్తీర్ణులై ఉండాలని నియమం పెట్టింది. చదువును పెళ్లికి షరతు చేయడం బాల్యవివాహాన్ని ఆలస్యం చేయడానికి ఆలోచించి చేసిన ఏర్పాటే. దోషం అది ఎవరిని ఉద్దేశించిందో వారినే వెలుపల ఉంచడంలో ఉంది. సుగ్గికి తల్లితో పోయి ఆరులోనో ఏడులోనో బడి మానిన పిల్లకు ఆ సొమ్ము వచ్చే వీలు లేదు గనుక, 18 దాకా ఆగడానికి ఆ కుటుంబానికి ఆ పథకం ఏ కారణమూ ఇవ్వలేదు. పైగా పెళ్లి సందర్భంలో ఆడపిల్ల తరఫున ప్రభుత్వం సొమ్ము ఇవ్వడం, ఇచ్చేవారు మారినా, ఇవ్వడమనే తంతును మాత్రం కదిలించదు.

దీనికి భిన్నంగా, ప్రచారం లేకుండా సాగిన ఏర్పాటు సర్వశిక్షా అభియాన్ కింద నడిచిన సీజనల్ హాస్టళ్లు. తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో పిల్లలను ఊరి బడిలోనే ఉంచి, తిండి, పడక చూసే ఈ వసతి, ఆడపిల్ల విషయంలో, బాల్యవివాహానికి ప్రత్యామ్నాయమైన కాపలా. కస్తూర్బా విద్యాలయాలది కూడా అదే పాత్ర, మరింత స్థిరంగా. అయితే వాటిని అంచనా వేసే నివేదికలు హాజరు, డ్రాపౌట్ రేటు అన్న కొలమానాలతోనే ఆగుతాయి. ఎన్ని పెళ్లిళ్లు ఆగాయన్నది ఎవరూ లెక్కించరు. 1880ల చివర మద్రాసు శాసనమండలిలో కన్యాశుల్క వివాహాలపై ఆనందగజపతి బిల్లు ఓడిపోయింది గాని, దానికోసం విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 పెళ్లిళ్ల పట్టిక తయారైంది. అటువంటి లెక్క నేడు సుగ్గి ఊళ్లకు లేదు.

సారా సంగతి కూడా ఈ కోవలోదే. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలోని పాఠం నుంచి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణం మూయించడం, ఆ ఉద్యమం రాయలసీమకు వ్యాపించడం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత – ఈ వరుస సుపరిచితమే. గృహహింసకు వ్యతిరేకంగా తెలుగు స్త్రీలు తామే ప్రతిపాదించి, ప్రభుత్వం చేత చేయించుకున్న చర్య అదొక్కటే. అదే ఏ రక్షణ పథకాల జాబితాలోనూ లేకపోవడానికి, ఆ జాబితాలు తయారుచేసే ప్రభుత్వాలకు అబ్కారీ రాబడి మీద ఉన్న ఆధారమే కారణమనుకోవచ్చు. 2019లో దశలవారీ నిషేధం మాట, ప్రభుత్వ దుకాణాలు. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు. ఈ మార్పుల్లో దేనికి ముందూ మహిళా శిశు సంక్షేమ శాఖ అభిప్రాయం బహిరంగ చర్చకు రాలేదు.

హాస్టళ్ల విషయంలో అడగవలసినది చిన్న ప్రశ్న. సుగ్గికి బండి కదిలే వారం ఏదో ఊళ్లో అందరికీ ముందే తెలుసు; మేస్త్రీ అడ్వాన్సు పంచిన రోజునుంచే తెలుసు. హాస్టలు తెరిచే తేదీ మాత్రం నిధుల విడుదల మీద ఆధారపడుతుంది. ఆ రెండు తేదీల మధ్య ఉన్న రోజుల్లోనే పదమూడేళ్ల పిల్లను బండి ఎక్కించాలా, సంబంధం ఖాయం చేయాలా అన్నది తేలిపోతుంది. పశ్చిమ కర్నూలు మండలాలలో ఒక్కొక్క ఊరికి ఆ రెండు తేదీలను పదేళ్లపాటు నమోదు చేసి, అదే ఊరి పెళ్లిళ్లతో పోల్చి చూడటం ఒక పరిశోధకుడికి అసాధ్యమైన పనేమీ కాదు.